కుక్కకు ఉన్న రక్షణ కిరాయిదారుకు ఉందా? హైదరాబాద్ అద్దె ఫ్లాట్లలో పెంపుడు జంతువుల చిక్కుముడి

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికేవాళ్లకు టు-లెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేయగానే వచ్చే ప్రశ్నల వరస కంఠతా ఉంటుంది: ఎంతమంది ఉంటారు, ఉద్యోగం ఎక్కడ, వెజ్జా నాన్‌వెజ్జా. ఇంట్లో కుక్క ఉందని చెప్పేదాకా మాట సాఫీగానే సాగుతుంది. "మాకైతే ఏ అభ్యంతరమూ లేదండీ, అసోసియేషన్ వాళ్లే ఒప్పుకోరు" అంటారు ఓనరు. అసోసియేషన్ కార్యదర్శిని అడిగితే "మేం వద్దనడం లేదండీ, అది మీకూ మీ ఓనరుకూ మధ్య సంగతి" అంటారు. ఇద్దరూ కాదనలేదు, ఇల్లు మాత్రం దొరకలేదు.

మేం ఉండే అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన లామినేషన్ చేసిన కాగితం ఒకటి చాలాకాలంగా వేలాడుతోంది. "పెంపుడు జంతువులకు లిఫ్టులో ప్రవేశం లేదు" అని దాని మీద పెద్ద అక్షరాలు. కింద ఎవరో మార్కరు పెన్నుతో "ఏ చట్టం ప్రకారం?" అని రాశారు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది, అది ఆ రాసినవారికి అనుకూలమే. కానీ ఆయనో ఆమో అద్దెకు ఉంటున్నవారైతే ఆ జవాబు వారిని సగం దూరమే తీసుకెళ్తుంది. ఎందుకంటే జంతువును కాపాడే చట్టాలు వేరు, కిరాయిదారును కాపాడే చట్టాలు వేరు, ఈ రెండూ మన దగ్గర ఒకచోట కలవవు.

పెంపుడు జంతువు అంటే ఏది?

ఈ మధ్య కాలంలో గందరగోళం పెరగడానికి ఒక కారణం వీధికుక్కల కేసు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే నెల 22న ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ప్రవర్తించేవాటినీ మినహాయించి మిగిలిన కుక్కలను సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా తర్వాత పట్టుకున్న చోటే వదలాలని చెప్పి, విచారణను అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఆ వార్తలు చూసి "కుక్కలను సుప్రీంకోర్టే వద్దందిగా" అని అసోసియేషన్ సమావేశాల్లో వాదించేవారు తయారయ్యారు. ఆ ఆదేశాలు వీధికుక్కల గురించి. మెడలో పట్టీతో, టీకా కార్డుతో, ఫలానా ఫ్లాటులో ఉండే కుక్కకు వాటితో సంబంధం లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా పెంపుడు జంతువును, వీధి జంతువును వేరువేరుగానే చూస్తాయి. పెంపుడు కుక్క టీకాల బాధ్యత, లైసెన్సు బాధ్యత దాని యజమానివే.

మరో మాట. అన్ని పెంపకాలూ చట్టబద్ధం కావు. తెలుగు లోగిళ్లలో తరతరాలుగా పంజరంలో కనిపించే రామచిలుక వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షిత పక్షి. దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. కుక్కను చూసి ముఖం చిట్లించే ఓనరు పంజరంలో చిలుకను చూసి ముచ్చటపడటం మన నగరాల్లో వింతేమీ కాదు.

అసోసియేషన్ చేతిలో ఉన్నదెంత?

అపార్ట్‌మెంటు యజమానుల సంఘం అనేది సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో నమోదైన సంస్థ. దాని నియమావళి సభ్యుల మధ్య ఒప్పందం లాంటిదే తప్ప శాసనం కాదు. కాబట్టి మెజారిటీ ఉన్నంత మాత్రాన ఆ నియమావళి దేశంలోని చట్టాలను దాటి వెళ్లలేదు.

1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో ఈ విషయం మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. సర్వసభ్య సమావేశంలో అందరూ చేతులెత్తినా సరే, పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘానికి లేదని అందులో ఉంది. చిన్న కుక్కలకు అనుమతి, పెద్ద జాతులకు లేదు అనే తేడా చూపకూడదని, మొరుగుతున్నదని చెప్పి ఇంట్లోంచి పంపించమనకూడదని, లిఫ్టు వాడకుండా అడ్డుకోకూడదని, లిఫ్టు వాడినందుకు ప్రత్యేక రుసుము వసూలు చేయకూడదని కూడా చెప్పింది. అదే సమయంలో జంతువుల యజమానులకూ సలహాలున్నాయి: బయటికి తెచ్చినప్పుడు పట్టీ ఉండాలి, మలవిసర్జన చేస్తే శుభ్రం చేయాలి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చూసుకోవాలి. పార్కులో ఏ వేళల్లో తిప్పాలో సంఘం నిర్ణయించవచ్చు.

ఈ సర్క్యులర్ బలమెంత అన్నది వివాదాస్పదమే. మండలికి శాసనం చేసే అధికారం లేదు, ఇది సలహా మాత్రమే అని సంఘాల తరఫు న్యాయవాదులు అంటారు. ఆ మాటలో నిజముంది. అయితే 2021లో కేరళ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఒక అడుగు ముందుకు వేసింది. పెంపుడు జంతువులను నిషేధించే నియమావళి క్లాజులు చట్టవిరుద్ధమని, అవి అమలుకు పనికిరావని, నివాస సంఘాలు అలాంటి బోర్డులు పెట్టడం మానుకోవాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు తెలంగాణ కోర్టులను కట్టడి చేయదు కానీ ఇక్కడి వాదనల్లో బరువు ఉన్న ఉదాహరణగా నిలుస్తుంది. జాతుల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతులను నిషేధించాలంటూ కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్‌ను మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

సంఘం వాదననూ తేలిగ్గా తీసిపారేయలేం. నాలుగేళ్ల పిల్లతో లిఫ్టులోకి అడుగుపెట్టిన తల్లికి ఎదురుగా ముప్పై కిలోల లాబ్రడార్ నిలబడి ఉంటే, అది ఎంత సాధువైనా ఆమె భయం అబద్ధం కాదు. ఆ భయానికి చట్టంలో జాగా ఉంది. ప్రమాదం జరిగేలా జంతువును నిర్లక్ష్యంగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. అంటే చట్టం దృష్టిలో తప్పు కుక్క ఉండటం కాదు, కుక్కను అదుపులో పెట్టకపోవడం.

ఓనరు "వద్దు" అంటే?

సంఘానికి నిషేధించే అధికారం లేదు సరే, ఓనరు నిషేధించగలడా? ఇక్కడే చాలామంది పొరబడతారు. సర్క్యులర్ ప్రింటు తీసుకెళ్లి ఓనరుకు చూపించేవాళ్లను చూశాను. అది తప్పు తలుపు తట్టడమే. తన ఫ్లాటును ఎవరికి అద్దెకివ్వాలో, ఏ షరతుల మీద ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఓనరుకు ఉంది. కుక్క ఉన్నవారికి ఇవ్వను అనడాన్ని ప్రత్యేకించి నిషేధించే చట్టం మన దగ్గర లేదు. అగ్రిమెంటులో "పెంపుడు జంతువులను ఉంచరాదు" అని రాస్తే, ఇష్టపడి సంతకం చేసిన కిరాయిదారును అది కట్టిపడేస్తుంది.

మరి "అసోసియేషన్ ఒప్పుకోదు" అనే మాట ఎందుకు పుట్టింది? సంఘంలో సభ్యుడు ఓనరే, కిరాయిదారుకు ఓటుండదు. సంఘానికి కిరాయిదారును నేరుగా ఖాళీ చేయించే అధికారం లేదు కాబట్టి, సామాను దించుకునే రోజున గేటు దగ్గర అనుమతి ఆపడం, ఓనరుకు వరసగా ఫిర్యాదులు పంపడం వంటి దారులు వెతుకుతుంది. విదేశంలో ఉన్న ఓనరుకైతే రోజూ వాట్సాప్‌లో వచ్చే ఈ తలనొప్పి కంటే కుక్కలేని కిరాయిదారును చూసుకోవడమే సులువు. సంఘం చట్టరీత్యా చేయలేని పని ఓనరు చేతుల మీదుగా జరిగిపోతుంది.

15 రోజుల నోటీసు, పదకొండు నెలల కాగితం

అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడం అంత తేలిక కాదు, రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా అని పెద్దవాళ్లు అంటుంటారు. 1960 నాటి భవనాల కిరాయి నియంత్రణ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. నిర్దిష్టమైన కారణం చూపకుండా కిరాయిదారును తీసేయడానికి అది ఒప్పుకోదు. అయితే 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలకు అది వర్తించదు. మణికొండలోనో కొండాపూర్‌లోనో ఆ అద్దెకు ఫ్లాటు మాట అటుంచి బైకు పెట్టుకునే జాగా దొరికితే గొప్ప. కాబట్టి నగరంలోని దాదాపు అన్ని అద్దె ఫ్లాట్లూ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పరిధిలోకి వెళ్లిపోతాయి.

ఆ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నివాస గృహం అద్దె నెలనెలా సాగే అద్దెగా లెక్క. 15 రోజుల నోటీసుతో ఏ పక్షమైనా దాన్ని ముగించవచ్చు. కారణం చెప్పనక్కరలేదు.

"నాకు 11 నెలల అగ్రిమెంటు ఉంది" అని కిరాయిదారు అనవచ్చు. దేశంలో చాలాచోట్ల ఏడాదికి మించని లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 11 నెలల ఆచారం అందులోంచే పుట్టింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, కాలపరిమితితో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, నోటరీ ముద్రతో మన చేతిలో ఉండే అగ్రిమెంటు ఈ పరీక్షలో నిలవదు. రిజిస్టర్ కాని లీజు పత్రాన్ని దాని షరతులు నిరూపించడానికి కోర్టు స్వీకరించదు. అలాంటి సందర్భంలో అద్దె నెలనెలా సాగే అద్దెగానే మిగులుతుందని 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పక్క రాష్ట్రాల్లో పనికొచ్చే 11 నెలల కిటుకు తెలుగు నేల మీద ఉత్త అలవాటే.

ఒక ఉదాహరణ చూద్దాం. నోటరీ అగ్రిమెంటుతో, 28,000 రూపాయల అద్దెకు ఒక జంట ఫ్లాటులో దిగింది అనుకుందాం. అందులో "ఒక కుక్కను ఉంచుకోవడానికి యజమాని అనుమతించారు" అని కూడా ఉంది. నాలుగు నెలలకు పక్క ఫ్లాటువాళ్ల ఫిర్యాదులతో విసిగిన ఓనరు 15 రోజుల నోటీసు పంపాడు, అది జూన్ 10న అందింది. నోటీసులో కుక్క ప్రస్తావనే లేదు. ఆ జంట తమ దగ్గరున్న అనుమతి వాక్యాన్ని చూపిస్తారు. అయినా లాభం లేదు, ఎందుకంటే ఓనరు ఆ వాక్యాన్ని ఉల్లంఘించలేదు, అద్దెనే ముగించాడు. జూన్ 25తో వారి కిరాయి హక్కు తీరిపోతుంది.

అయితే 26వ తేదీ పొద్దున సామాను బయట పెట్టించే హక్కు ఓనరుకు లేదు. ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాల్సిందే. తాళం మార్చడం, కరెంటు పీకించడం చెల్లవు. అలా బలవంతంగా బయటికి నెడితే ఆరు నెలల్లోగా 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనం తిరిగి పొందే వీలు కిరాయిదారుకు ఉంది. నిజం చెప్పాలంటే, ఇక్కడ కిరాయిదారును కాపాడుతున్నది హక్కు కంటే కోర్టుల ఆలస్యమే. ఉద్యోగం, పిల్లల బడి చూసుకునేవాళ్లు ఆ ఆలస్యం మీద ఆధారపడరు, ఇల్లు మారిపోతారు.

రిజిస్టర్ చేసిన లీజులో పిల్లి దొరికిపోతే

కథ ఇంకోలా కూడా నడవవచ్చు. రెండేళ్ల లీజును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించారు. జంతువులు వద్దన్న షరతు ఉంది, ఉల్లంఘిస్తే లీజు రద్దు చేసి స్వాధీనం చేసుకోవచ్చన్న క్లాజూ ఉంది. కిరాయిదారు మూడో నెలలో పిల్లిని తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఓనరు 15 రోజుల దారిలో వెళ్లలేడు. గడువు తీరకముందే లీజు రద్దు చేయాలంటే, ఆస్తి బదిలీ చట్టం 114ఎ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘన ఏమిటో రాతపూర్వకంగా చెప్పి, సరిదిద్దుకొమ్మని అడిగి, తగిన వ్యవధి ఇవ్వాలి. సరిదిద్దుకోవడం అంటే ఇక్కడ పిల్లిని పంపేయడమే.

ఆ ఓనరే దసరాకు వచ్చినప్పుడు సోఫా మీద పడుకున్న పిల్లిని చూసి, "ఏం పేరు పెట్టారు?" అని అడిగి, ఆ తర్వాత ఐదు నెలలు మామూలుగా అద్దె తీసుకున్నాడు అనుకోండి. ఉల్లంఘన తెలిసీ తర్వాతి అద్దె స్వీకరిస్తే, ఆ ఉల్లంఘన పేరిట లీజు రద్దు చేసే హక్కును వదులుకున్నట్టే అంటుంది 112వ సెక్షన్. కాగితం మీది షరతు కంటే ఇద్దరి మధ్య నడిచిన తీరు గెలిచే అరుదైన చోటు ఇది. రిజిస్టర్ కాని అగ్రిమెంటున్నవారికి ఈ రెండు సెక్షన్ల మేలు దాదాపు దక్కదు.

ఖాళీ చేయాల్సి వచ్చి, కొత్తింట్లో ఒప్పుకోరని కుక్కను దారిలో వదిలేసేవాళ్లున్నారు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, దశాబ్దాల నాటి అంకెలే. ఆ నేరం మోపబడేది కిరాయిదారు మీదే. అతన్ని ఆ స్థితికి తెచ్చిన నోటీసు మాత్రం పూర్తిగా చట్టబద్ధం.

అడ్వాన్సులోంచి ఎంత పోతుంది?

ఓనర్ల భయాలు పసలేనివేమీ కావు. చాలామంది ఇంటి రుణం కడుతున్న మధ్యతరగతివాళ్లే, ఉన్నది ఆ ఒక్క ఫ్లాటే. చెక్క తలుపు కింది భాగంలో జానెడు ఎత్తున గోళ్ల గీతలు, బాల్కనీ మూలలో ఎంత కడిగినా పోని వాసన, తర్వాతి కిరాయిదారు తలుపు తీయగానే ముక్కు మూసుకోవడం వారు చూసినవే. వారికి దొరికే భరోసా అడ్వాన్సు ఒక్కటే. హైదరాబాద్‌లో అది సాధారణంగా రెండు నెలల అద్దె. కుక్క ఉంటే ఇంకో నెల అడుగుతారు, అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు.

పేచీ వచ్చేది ఖాళీ చేసే రోజున. ముందు చెప్పిన 28,000 అద్దె ఫ్లాటుకు 56,000 అడ్వాన్సు ఇచ్చారు, రెండేళ్ల తర్వాత ఖాళీ చేస్తున్నారు అనుకుందాం. రెండు తలుపుల లామినేటు మార్చడానికి 7,500, చిరిగిన దోమల జాలీకి 1,800, పెయింటింగుకు ఒక నెల అద్దె 28,000, గచ్చు పాలిషింగుకు 15,000 అని ఓనరు లెక్క చెప్పాడు. చేతికొచ్చేది 3,700. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మినహాయించి, ఇల్లు తీసుకున్న స్థితిలో అప్పగించాలి. గోళ్లకు చీరుకుపోయిన లామినేటు, జాలీ నష్టం కిందికే వస్తాయి, ఆ 9,300 న్యాయమైన కోత. రెండేళ్లు నడిస్తే గచ్చు మెరుపు తగ్గడం కుక్క లేని ఇంట్లోనూ జరిగేదే, ఆ 15,000 నిలబడదు. పెయింటింగు ఖర్చు ముందే ఒప్పుకున్నదైతే 18,700 తిరిగి రావాలి, ఒప్పుకోనిదైతే 46,700. తేడా ఇంత పెద్దది కాబట్టే, దిగే రోజున తలుపుల కింది భాగానికి తీసిన నాలుగు ఫొటోలకు అంత విలువ.

టొరంటోలో తలకిందులు

మనవాళ్లు ఎక్కువగా ఉండే టొరంటో పరిసరాల్లో ఈ చిక్కు సరిగ్గా తిరగేసి కనిపిస్తుంది. ఒంటారియో నివాస అద్దెల చట్టం 14వ సెక్షన్ ప్రకారం అద్దె ఒప్పందంలో జంతువులు వద్దన్న షరతు చెల్లదు. అక్కడ ఓనరు రాసిన వాక్యం వట్టిదే. కానీ అపార్ట్‌మెంటు కాండోమినియం (ఫ్లాట్లు విడివిడిగా సొంతమై, ఉమ్మడి జాగాలను యజమానుల సంఘం చూసుకునే భవనం) అయితే, దాని ప్రకటన పత్రంలోని, అంటే ఆ భవనం మూల నియమ పత్రంలోని, నిషేధం నిలుస్తుంది. ఇక్కడ సంఘానికి లేని అధికారం అక్కడ ఉంది, ఇక్కడ ఓనరుకు ఉన్న అధికారం అక్కడ లేదు. ఇంగ్లండ్ 2025లో తెచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం మధ్యేమార్గం పట్టింది. 2026 మే 1 నుంచి అమలయ్యే నిబంధనల ప్రకారం కిరాయిదారు పెంపుడు జంతువు కోసం రాసి అడగాలి, ఓనరు మామూలుగా 28 రోజుల్లో జవాబివ్వాలి, సబబైన కారణం లేకుండా కాదనకూడదు. అదే చట్టం కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పద్ధతినీ తీసేసింది. ఈ రెండోది లేకపోతే మొదటిదానికి విలువ ఉండదని వాళ్లు గుర్తించారు. మన 15 రోజుల నోటీసు చూపిస్తున్నదీ అదే.

నమూనా చట్టం వస్తే?

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి, నీళ్లు కరెంటు ఆపకూడదు అని అందులో ఉంది. అద్దె రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి రాష్ట్రాలు చట్టం చేస్తేనే ఇవి అమలవుతాయి. ఆ బాటలో తమ చట్టాలను సవరించుకున్నాయని కేంద్రం పేర్కొన్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఉన్నాయి. తెలంగాణ ఆ జాబితాలో లేదు.

నమూనా చట్టంలో పెంపుడు జంతువు అనే మాటే రాదు. అయినా కుక్క ఉన్న కిరాయిదారుకు అది పెద్ద మార్పే, ఎందుకంటే ఒప్పందం నడుస్తుండగా చట్టంలో రాసిన కారణాల మీద, అద్దె కోర్టు ద్వారా మాత్రమే ఖాళీ చేయించాలి. ఆ కారణాల్లో ఒకటి, నోటీసు ఇచ్చినా ఇంటిని దుర్వినియోగం చేయడం. దుర్వినియోగం అంటే అదనపు జాగా ఆక్రమించడం, అనైతికమైన లేదా చట్టవిరుద్ధమైన పనికి వాడటం, ప్రజలకు ఇబ్బంది కలిగించడం, ఆస్తికి నష్టం చేయడం, లేదా ఓనరు ప్రయోజనాలకు హాని కలిగేలా వాడటం. ఇబ్బందినీ నష్టాన్నీ ఓనరు సాక్ష్యంతో రుజువు చేయాలి, మొరుగుతోందని పక్కింటివాళ్లు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఒక్కటే సరిపోదు. ఆ చివరి పదబంధం మాత్రం చాలా వెడల్పైనది. గచ్చిబౌలి ఫ్లాటులో పడుకున్న లాబ్రడార్ ఓనరు ప్రయోజనాలకు హానికరమా కాదా అన్నది అప్పుడు అద్దె కోర్టు తేల్చాల్సిన ప్రశ్న అవుతుంది.